వంటింట్లోంచి పోయే దారి

ఇంగ్లండులో లోయర్ విన్‌కోమ్ అనే చిన్న పల్లె. శుక్రవారం సాయంత్రం విన్‌ఫ్రెడ్ వంటింట్లో ఆవిడా, పక్కింటి క్లైవూ ఉన్నారు. క్లైవ్ పళ్ళ డాక్టరుగా రిటైరై, ఊళ్ళో ప్రతి శనివారం పరిగెత్తే సంఘం ఒకటి నడుపుతున్నాడు.

“రేపటికి ఏ జామ్ తీయమంటావు? నారింజది అయిపోయింది.”

“జామ్ సంగతి తర్వాత, విన్‌ఫ్రెడ్ గారూ. ముందు నేను చెప్పేది వినండి.”

“వింటూనే ఉన్నాను. చేతులు సీసా మీద ఉంటే చెవులు పనిచేయవా?”

“మీరు కాస్త కూర్చుంటే బాగుంటుంది.”

“ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదండీ.”

“కూర్చోమన్నావంటే ఎవరో పోయుండాలి. మా ఆయన స్టాన్లీ పోయినప్పుడు డాక్టరు ఇలాగే కూర్చోమన్నాడు. మీ సంఘంలో హ్యూబర్టా? ఆ పొట్టేసుకుని పరిగెత్తొద్దని చెబుతూనే ఉన్నాను.”

“హ్యూబర్ట్ గుండ్రాయిలా ఉన్నాడు. మన దారి గురించండీ.”

“దారికేమైంది? వాగు పొంగిందా?”

“వాగు బాగానే ఉంది. చర్చి దగ్గర్నుంచి గొర్రెల బీడు, అది దాటితే నీలిపూల అడవి, వాగు గట్టు, బార్లీ చేను, అన్నీ బాగున్నాయి. ఆ తర్వాతదే... ఈ వంటిల్లు.”

“వంటింటికేం? నిన్ననే కడిగాను.”

“ఎలా చెప్పాలో తెలియడం లేదు.”

“నీకు తెలియకపోవడమేమిటయ్యా? పోయినేడాది వసంతంలో ఆ గుమ్మంలో నిలబడి ఎంత గడగడా చెప్పావు. నేను పొయ్యి మీద జావ పెట్టుకుని ఉన్నాను. మ్యాపు తెరిచి, జనం నడిచే పాతదారి మీ వంటింట్లోంచి పోతుందన్నావు. దారి ముందు పుట్టింది, మీ ఆయన వంటిల్లు తర్వాత కట్టాడు, కాబట్టి ఈ గుమ్మంలో వచ్చి ఆ గుమ్మంలో పోయే హక్కు మాకుందన్నావు. నీ వెనకాల ఇరవైమంది, నిక్కర్లలో.”

“అదేనండీ, ఆ రోజు గురించే...”

“మరుసటి వారం గిన్నెల బీరువా తెచ్చి తలుపుకి అడ్డంపెట్టాను, గుర్తుందా?”

“గుర్తు లేకేం. వానలో నిలబడ్డాం.”

“ఊరికే నిలబడితే సరే. వరసగా నిలబడ్డారు. ఒక్కడు తలుపు బాదలేదు, ఒక్కడు తిట్టలేదు. కిటికీలోంచి చూస్తే ఒకరి వెనక ఒకరు, తడిసిన కోళ్ళలాగా. పోట్లాడేవాళ్ళనైతే తరిమేదాన్ని. వరసలో నిలబడ్డవాళ్ళని ఏం చేస్తాను? బీరువా జరిపాను.”

“జరిపారు. మేం వచ్చాం.”

“ఒక్కొక్కడూ ‘క్షమించండి’ అంటూ నా పక్కనుంచి పరిగెత్తాడు. ఇరవై క్షమించండిలు. ఆఖరున ఒక గొర్రె. అదొక్కటే ఏమీ అనలేదు.”

“ఆ గొర్రె మా సంఘంది కాదని అప్పుడే చెప్పాను.”

“మీ వెనకే వచ్చిందిగా. లీడ్స్ నుంచి వచ్చిన మా చెల్లెలు తలకి తువ్వాలు చుట్టుకుని, ఇదిగో, ఇక్కడే కూర్చుని టీ తాగుతోంది. ఇదేం ఊరే అక్కా అంది. హక్కు వాళ్ళదే, కాళ్ళు పక్కకి పెట్టుకో అన్నాను.”

“ఇంక నన్ను చెప్పనివ్వండి. మంగళవారం కౌన్సిల్ నుంచి దారుల ఆఫీసరు వచ్చాడు. టేపు పట్టుకుని.”

“చూశాను. నా బఠానీ పాదుల్లో నిలబడ్డాడు. పాపం, చలికి ముక్కు ఎర్రబడిపోతే టీ ఇచ్చాను.”

“మీకేమైనా చెప్పాడా?”

“చక్కెర వద్దన్నాడు.”

“దారి గురించండీ.”

“ప్లమ్ జామ్ తీస్తే సరిపోతుందంటావా? అవతలి ఊరి సంఘం వాళ్ళు కూడా వస్తున్నారు కదా.”

“వాళ్ళు రారు. ఎవరూ రారు. రేపు మేం తారురోడ్డు మీద పోతున్నాం.”

“తారురోడ్డు మీదా? పాల లారీలు తిరిగే వేళ. హ్యూబర్ట్ మోకాలికి పడుతుందా?”

“పడదు.”

“మరి మీకు జామ్ రాసి టోస్టు ఎవరిస్తారు?”

“పరుగంటే టోస్టు తినడం కాదండీ. ఈ ఏడాదిలో మావాళ్ళెవరికీ వేగం పెరగలేదు, నడుములు పెరిగాయి. హ్యూబర్ట్ ఇక్కడికి రాగానే చేతి గడియారం ఆపుతాడు, మీ జావ కలుపుతాడు, ఉప్పు చూస్తాడు, మళ్ళీ గడియారం నొక్కుతాడు. ఇలాంటి పరుగు ఎక్కడైనా ఉందా?”

“అతను కలిపిన రోజు అడుగంటదు. డిసెంబర్లో నాకు జ్వరమొచ్చినప్పుడు ఏం చేశారు మీరు? పడకగదిలోంచి వింటూనే ఉన్నాను. ఒకడు గిన్నె తడిపాడు, వెనకొచ్చినవాడు తోమాడు, ఆ వెనకవాడు తుడిచాడు, ఇంకోడు అలమారలో పెట్టాడు. అంతా పరుగులోనే. ఎవరూ ఆగలేదు.”

“ఆగితే లెక్కలోకి రాదండీ.”

“రెండు కప్పులు పగిలాయి.”

“అందుకు కూడా క్షమించండి. కానీ విషయం అది కాదు.”

“మరేది?”

“దారి... దారి ఇది కాదు.”

“ఏది కాదు?”

“మీ వంటిల్లు. ఆఫీసరు కొలిచి చూశాడు. పాతదారి ఇందులోంచి ఎప్పుడూ పోలేదట. మీ గోడనైనా తాకలేదట. సోమవారం వచ్చి అసలు దారికి గుంజలు పాతుతానన్నాడు. నేను మ్యాపు తప్పు చదివాను, విన్‌ఫ్రెడ్ గారూ. ఏ హక్కూ లేకుండా ఏడాది పాటు ఇరవైమందిని మీ పొయ్యి పక్కనుంచి పరిగెత్తించాను. బురద బూట్లతో. మీరు కేసు పెట్టినా తప్పులేదు.”

“టీ చల్లారిపోతోంది, తాగు.”

“నన్ను తిట్టండి.”

“ముప్ఫై ఏళ్ళు జనం నోళ్ళలోకి చూసినవాడివి. పన్నుకీ పన్నుకీ తేడా తెలుసు, మ్యాపులో గీతకీ గీతకీ తెలియలేదు. చాలా?”

“చాలదు.”

“అంతకంటే నాకు రావు.”

“మీకు కోపం రావడం లేదా?”

“వచ్చింది. పోయినేడాదే వచ్చింది. నువ్వు మ్యాపు చూపించావా, రెండు రోజులు తిరక్కుండా బస్సెక్కి కౌన్సిల్ ఆఫీసుకి పోయాను, నిన్ను కోర్టుకీడ్చాలని. అక్కడ ఒకమ్మాయి పెద్ద మ్యాపు పరిచి, దారి ఎక్కడుందో వేలుపెట్టి చూపించింది.”

“పోయినేడాదే?”

“పోయినేడాదే.”

“అంటే మొదటి వారం నుంచీ మీకు తెలుసా?”

“బీరువా అడ్డంపెట్టిన రోజుకే తెలుసు. తలుపు తీసి మొహం మీదే చెబుదామనుకున్నాను. తీరా చూస్తే వరసలో నిలబడ్డారు. అదీ కాక...”

“అదీ కాక?”

“వద్దులే. సోమవారం గుంజలు పాతుతాడుగా, నువ్వే చూస్తావు.”

“ఎక్కడ పాతుతాడో నేను అడగనే లేదండీ. సిగ్గుతో తలొంచుకుని ఇంట్లోకి పోయాను. ఎక్కడుంది ఆ దారి?”

“అప్పుడే మీ ఆవిడ డాఫ్నీకి తుంటి ఆపరేషనైంది. మెట్లెక్కలేదని మీ ముందుగదిలో మంచం వేశారు. ఆ మంచం మీంచి ఇరవైమందిని ఎలా తోలను?”

“మా ముందుగదిలోంచా?”

“ఈ తలుపులో వచ్చి ఆ తలుపులో పోవడమే. చెబుదామా వద్దా అని రెండు నెలలు చూశాను. తర్వాత అలవాటైపోయింది.”

“విన్‌ఫ్రెడ్ గారూ, ఇల్లు మురికైతే డాఫ్నీ ఎంత గొడవ చేస్తుందో మీకు తెలుసు.”

“తెలుసు. అందుకే ఆ బురద నా ఇంట్లో పడనిచ్చాను. ఇప్పుడు ఆవిడ మేడ మీదా కిందా బాగానే తిరుగుతోందిగా. మీ ముందుగదిలో పియానో కాస్త గోడవైపు జరపమను. నేను పరుగు బూట్లు కొనుక్కున్నాను, రేపు వరసలో అందరికంటే ముందు నేనే వస్తాను.”