మేకలు మేసిన మల్లెలు

హలో… ఆ, నేనేనయ్యా, మేకల రామాయమ్మని. ఎవరూ?… గట్టిగా చెప్పు, ఇక్కడ లారీల మోత…

రెంటచింతల నుంచా… శ్రీమన్నారాయణవా. ఓహో.

…అవ్వా అంటున్నావే. ఆ రోజు ‘ఏమే’ అని పిలిచావు… అన్నావులే బాబూ, వీధి వీధంతా విన్నది.

…దాచేపల్లిలోనే, మా అమ్మాయి దగ్గర. ఇది షబ్బీర్ కొట్లో ఫోను. పాపం, బేరం మానుకుని వచ్చి పిలిచాడు. చెప్పు, ఏం పని పడింది?

…మల్లెలా.

…నలభై పొదలుంటే ఒక్క మొగ్గా లేదా. ఫాల్గుణం సగమైందే. ఆకెట్టా ఉంది?… నల్లగా, దట్టంగా. ఉంటుంది. మూడేళ్ళుగా అంతేగా.

…చలికాలమంతా నీళ్ళు పెట్టావా. మోటారేసి. యూరియా కూడానా… బాగా చేశావు.

…అవునయ్యా, శ్రీరామనవమికి రాములోరి మెళ్ళో తొలి దండ మీ ఇంటిదే, మీ తాతనాటి నుంచీ. పోయిన రెండేళ్ళూ నరసరావుపేటలో కొనుక్కొచ్చి మా తోటవే అన్నావంటగా… ఎవరు చెబితే ఏంలే. ఈసారి పెద్దలు పట్టుకున్నారా… తోటలో పూస్తేనే దండ, లేకపోతే ఇంకో ఇంటికి. అంతేగా మరి.

…ఉపాయం లేకేం, ఉంది. ముందు నువ్వొకటి చెప్పు. మా బొల్లి మేక ఎట్టా చచ్చింది?

…గుర్తు లేదా. సరే, పెట్టేస్తా.

…ఆ, చెప్పు… బందెలదొడ్డిలో. ఎవరు తోలించారు?… ఊఁ, నువ్వే. నిండు చూలుది. రెండు రోజులు నీళ్ళు లేవు. కుండతో నేనొచ్చి తడిక దగ్గర నిలబడితే నీ జీతగాడు తోసేశాడు. అక్కడే ఈనింది, తల్లీ పిల్లా పోయినయ్. ఏం తప్పు చేసింది అది?… నీ మల్లెలు మేసింది. అవును, మేసింది.

మీ నాయన ఉన్నన్నాళ్ళూ మేకలకి ఆ తోట గేటు ఎవరు తీసేవాళ్ళో తెలుసా… మీ నాయనే. కార్తీకం వెళ్ళంగానే మల్లెలకి నీళ్ళు ఆపేవాడు. పుష్యం రాంగానే కబురు పెట్టేవాడు, రామాయమ్మా, మందని తోలుకురా అని. ఒక్క ఆకు లేకుండా మేసేవి. ఆపైన కొమ్మలు కత్తిరించి, పెంట వేసి, నీళ్ళు వదిలితే పుల్లపుల్లకీ మొగ్గే. ఆకు పోతేనే మల్లె పూసేది బాబూ. నువ్వు పట్నంలో చదువుకుని వచ్చావు. నేను చెప్పబోతే దొంగమేత అన్నావు.

…తెలుసు. మూడేళ్ళూ తెలుసు. ఎందుకు చెబుతా?

…ఇప్పుడు తోలితే ఏం లాభం, కాలం దాటింది. ఈ ఎండల్లో ఆకు దూస్తే పొదలే పోతయ్. వద్దు. వాటిమీద నాకు పగ లేదు.

…మీ ఊరి త్రికోటేశ్వరరావు తోటలోనా. అప్పుడే మొగ్గ తొడిగినయ్యా… తొడుగుతయ్ మరి. పుష్యంలో సున్నపురాయి లారీ ఎక్కించి నా పదకొండు మేకల్నీ తోలుకొచ్చాగా. నీ ఇంటి ముందు నుంచే. నువ్వు అరుగు మీద పేపరు చదువుకుంటున్నావు, తలెత్తి చూశావు కూడాను.

…ఆయన అడగలేదయ్యా. నేనే వెళ్ళా.

…వచ్చే పుష్యానికా. రావు. నావీ రావు, మీ ఊళ్ళో ఎవరివీ రావు. మేకలున్న ప్రతి గడపకీ వెళ్ళి చెప్పి వచ్చా. బందెలదొడ్డి అంటే వాళ్ళకీ భయమే.

…కూలోళ్ళా. వాళ్ళు ఆకుతోపాటు కణుపునీ లాగేస్తారు. కణుపు పోతే మొగ్గ ఎక్కడ పడుద్ది? నువ్వే కూచో. నీ తోట, నీ దండ. మేకలకి అది ఒక పూట పని. నీకు నలభై పొదలు, ఆకు తర్వాత ఆకు, చేత్తో, వంగి. పుష్యమంతా పడుద్ది.

…నవ్వట్లేదయ్యా. నవ్వు వినపడిందా?… అయితే మంచిదే.

షబ్బీరూ, దీన్ని ఎట్టా పెడతారబ్బాయ్?… ఆ, ఇంకా ఏదో అంటానే ఉన్నాడు. పర్లా, పెట్టేసెయ్.