గోడ పరిశీలనలో ఉంది

హలో… ఆఁ వదినా, నేనేనండి. గొంతు గుర్తుపట్టలేదా? దుమ్ము. ఇప్పుడే గోడ ఊడ్చి వచ్చాను…

లేదు, సరిగ్గానే విన్నారు. గోడే. అందరూ ఇల్లు ఊడుస్తారు, మేం వీధివైపు గోడ ఊడుస్తాం. చీపురు ఆనిస్తే చాలు, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది…

మీ తమ్ముడా? బజారుకెళ్లారు. వచ్చాక చేయించనా?…

ఏమిటీ?… అత్తయ్య మీ ఇంటికి వచ్చేస్తానన్నారా?… ఎప్పుడన్నారు?… పొద్దున్నే ఫోన్ చేశారా!

నాకు తెలీదు వదినా. ఒట్టు. నాతో ఒక్క మాటైనా అనలేదు…

అయ్యో, నేనేమంటాను ఆవిడ్ని! మేమిద్దరం పోట్లాడుకునేది టీవీ రిమోట్ దగ్గరే. అదీ నేనే ఇచ్చేస్తాను…

దగ్గా?… ఆఁ. దగ్గు ఉంది. దాచడం దేనికి? ఆవిడ మంచం పక్కన ఉన్నది ఆ గోడే, ముట్టుకుంటే చెయ్యి తడుస్తుంది. బయట వేసిన సిమెంటు పూత పాతబడి బీటలిచ్చింది. ఆ బీటల్లోంచి వాననీళ్లు లోపలికి దిగుతున్నాయి. దుప్పటి కూడా చెమ్మ వాసన…

మీ తమ్ముడా? ఎందుకు చెయ్యలేదు, చేశారు. మంచం జరిపారు. గోడకి దూరంగా లాగి, "చూశావా, సమస్య తీరింది" అన్నారు.

మీతో ఏమన్నారు?… "పరిశీలనలో ఉంది" అన్నారా! అది వాళ్ల ఆఫీసు మాట వదినా, ఇంటికి తెచ్చుకున్నారు. పరిశీలన మాత్రం నిజమే, కాదనను. ప్రతి బీట చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేస్తారు. బీట ఆ గీత దాటిందనుకోండి… ఇంకాస్త పెద్ద గీత గీస్తారు.

నవ్వకండి. మా ఇంట్లో గోడ మీద గీసే పిల్లలెవరున్నారని పోస్ట్‌మ్యాన్ అడిగాడు. ఏం చెప్పమంటారు?

అడక్కుండా ఎలా ఉంటాను! వానల్లో అడిగితే, తడి గోడ మీద పూత నిలవదన్నారు. ఎండల్లో అడిగితే, వేడికి కొత్తపూత పగిలిపోతుందన్నారు. చలికాలం అడిగితే, ఆరదన్నారు. ఏడాదిలో ఇంకో కాలం ఏదైనా ఉంటే చెప్పండి, అప్పుడు అడుగుతా.

మీరు చెప్పి చూడండి, పెద్దవారు… ఓహో, మీరూ చెప్పారా?… "అక్కా, నీకు గోడల గురించి తెలీదు" అన్నారా. మరింకేం.

మొన్న పెద్ద పెచ్చు పడి పూలకుండీ ముక్కలైంది. కుండీ అక్కడెవరు పెట్టమన్నారని నా మీద లేచారు. గోడని పల్లెత్తు మాట అనరు కదా!

ఆ… అదీ అనుకున్నాను. ఆయన క్యాంపుకెళ్లినప్పుడు చేయించేద్దామనే చూశాను. ఈసారి క్యాంపులన్నీ వేరేవాళ్లకి అప్పజెప్పేశారు. గోడని ఒంటరిగా వదిలి వెళ్లలేరట.

అసలు సంగతా?… వదినా, నేను చెప్పానని అనకూడదు మరి…

ఎదురింట్లో బ్యాంకు మేనేజరుగారు ఉన్నారు కదా. ఆయన పోయినేడాది పాతపూత మొత్తం గీకించి కొత్తది వేయించారు. ఆ పని జరిగినన్నాళ్లూ మీ తమ్ముడు గేటు పట్టుకుని నిలబడి, "తొందరపడ్డారు సార్, ఇంకా కొన్నేళ్లు ఆగాల్సింది" అని చెప్తూనే ఉన్నారు. వీధంతా విన్నది. ఇప్పుడు మనం కూడా వేయిస్తే…

అదే మరి. గోడ పడిపోయినా ఫర్వాలేదు, మాట పడిపోకూడదు.

ఆదివారం మీటింగ్ పెట్టారు లెండి. మేస్త్రి వచ్చాడు. వాళ్లాఫీసులో ఇంజనీరుగారు వచ్చారు. రంగుల షాపాయన కూడా. మేస్త్రి గోడ తట్టి చూసి, డొల్లగా ఉంది, మొత్తం కొట్టేయాలన్నాడు. ఇంజనీరుగారు బీటలు పూడిస్తే సరిపోతుందన్నారు. షాపాయన తన దగ్గరున్న రంగు వేస్తే అసలేమీ కనపడదన్నాడు…

మీ తమ్ముడా? ముగ్గురికీ కాఫీ ఇప్పించి, "ముగ్గురి అభిప్రాయాలూ కలవలేదు కాబట్టి ఇంకా సమయం రాలేదు" అని తేల్చేశారు.

అత్తయ్య అక్కడే కుర్చీలో ఉన్నారు వదినా. ఆవిడ్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ గోడ పక్కన పడుకునేది ఆవిడే.

ఊఁ… ఊఁ… తీసుకెళ్తానంటే నేనెందుకు వద్దంటాను? మీ అమ్మగారు. మీకు బెంగ ఉండదా? కానీ…

ఏం లేదు… ఆ కిటికీ దగ్గర ఆవిడ లేకపోతే ఎలా ఉంటుందో అని. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి స్కూటర్ ఎందుకు మొరాయించిందో అన్నీ ఆవిడే కదా నాకు చెప్పేది… సర్లెండి. బట్టలు సర్దుకున్నారేమో చూసి—

ఆఁ? మీకూ వినపడిందా?… దబ్బుమని… బయటే ఏదో పడింది. లైన్లో ఉండండి—

అత్తయ్యా!… అయ్యో అత్తయ్యా, ఏమిటిది? ఇటు రండి, మీద పడుతుంది!

వదినా… వదినా, కంగారుపడకండి. దెబ్బేం తగల్లేదు. ఆవిడే… తలకి తువ్వాలు చుట్టుకుని, చేతికర్రతో గోడని పొడుస్తున్నారు. కిటికీ కింద ఉబ్బిన చోటు ఉంది కదా… తలుపంత పెచ్చు ఊడిపోయింది. లోపలి ఇటుకలు కనపడుతున్నాయి.

ఎలా ఆపను?… అత్తయ్యా, వదిన లైన్లో ఉన్నారు, ఆపమంటున్నారు!…

ఆగడం లేదు వదినా. ఇంకో పెచ్చు పడింది.

ఏమంటున్నారా?… "వాడు తేల్చేదాకా నేను బతికుండొద్దూ" అంటున్నారు.

…

వదినా?… ఉన్నారా?… ఏడవకండి. ఆవిడేం ఏడవడం లేదు. ఇంత హుషారుగా ఆవిడ్ని ఈ మధ్య చూడలేదు, నిజం…

అడుగుతానుండండి. అత్తయ్యా, వదిన వాళ్లింటికి వెళ్తానన్నారట కదా, మరి?… ఓహో… ఆఁ, చెప్తాను. వదినా, పొద్దున నిజంగానే అనుకున్నారట. బట్టలు కూడా సర్దారట. సర్దాక కిటికీ దగ్గర కూర్చుంటే, ఈ ఇంట్లోంచి పోవాల్సింది నేనా, ఈ పాతపూతా అనిపించిందట…

ఇంకోటి కూడా అంటున్నారు, చెప్పనా?… మీరేం అనుకోకూడదు. మీ ఇంట్లో కిటికీ తెరిస్తే పక్కవాళ్ల బాత్రూం గోడ తప్ప ఇంకేం కనపడదట… నేనన్లేదు! ఆవిడ మాట ఆవిడదే!

అమ్మో… మీ తమ్ముడు వచ్చేశారు. గేటు దగ్గరే ఆగిపోయారు. చేతిలో కూరల సంచి. నోరు తెరిచారు… ఇంకా మూయలేదు. మేనేజరుగారు బయటికొచ్చారు. వాళ్లావిడ మేడ మీంచి చూస్తోంది. వీధిలో సగం మంది ఇక్కడే ఉన్నారు…

ష్… ఏదో అంటున్నారు, ఉండండి…

విన్నారా!… వినపడలేదా? "ఏం సార్, పని మొదలైందా?" అని మేనేజరుగారు అడిగితే… "అవునండీ, ఇవాళే మొదలుపెట్టించాను" అన్నారు! మొదలుపెట్టించారట! "మీరు కాస్త తొందరపడ్డారు గానీ, అసలైన అదను ఇదే" అంటున్నారు…

నిజం వదినా. మొహంలో ఏమాత్రం తేడా లేదు.

ఇప్పుడు అత్తయ్యకి సూచనలిస్తున్నారు. "అమ్మా, కాస్త ఎడమవైపు… ఇటుకకి తగలకుండా" అని… ఆవిడా? కర్ర ఆపి, ఒక్క చూపు చూశారు. ఆయన సంచి కింద పెట్టేసి ఫోన్ తీశారు పాపం. మేస్త్రికి చేస్తున్నారు. గట్టిగా, ఎదురింటికి వినపడేలా… రేపు పొద్దున్నే రమ్మంటున్నారు… మొత్తం కొట్టేయాలంటున్నారు… ఆఁ వదినా, మొత్తమే!

అత్తయ్య గురించి బెంగపడకండి. పనయ్యి గది ఆరేదాకా నాతో మా గదిలో పడుకుంటారు. మీ తమ్ముడు హాల్లో… లేదు, ఆయనకింకా తెలీదు. ఇప్పుడే నేను తేల్చాను.

డాక్టరుకి కూడా చూపిస్తాను, ఈ సాయంత్రమే. సరే… సరే వదినా. మీరు వచ్చేవారం రండి. వీధివైపు నుంచే రండి, ఇంక నెత్తిన పెచ్చులేం పడవు…

ఇంక ఉంటానండి. ఫోన్ కిటికీలో పెట్టేస్తున్నాను. పైవైపు అత్తయ్యకి అందడం లేదు.