నీటి మీద మీగడ

సందర్శకులంతా బయటికి వెళ్లిపోయారు. సున్నపురాయి గుహలో, నీటి మడుగు పక్కన, దారి చూపే ఉద్యోగం చేసే వదినా మరదళ్లిద్దరే మిగిలారు. మరదలికి అది మొదటి వారం.

"వదినా, కొంప మునిగింది. టార్చి చెయ్యి జారి మడుగులో పడింది. నీళ్ల మీద తేలే తెల్లటి రాతిపొర సగం ముక్కలై మునిగిపోయింది."

"టార్చి తాడు మణికట్టుకి కట్టుకోమంటే, చెయ్యి ఒరుసుకుపోతుందన్నావు కదా."

"అది వేల ఏళ్ల నాటి రాయి అని అందరికీ చెప్పేదాన్ని నేనే. నీ మాట మీద ఇచ్చిన ఉద్యోగం. నీకు మాట రాకుండా నేనే మానేస్తాను."

"ముందు కళ్లు తుడుచుకో. వేల ఏళ్లు పట్టింది ఈ అంచుకి. మడుగు చుట్టూ గట్టులా పేరుకుందే, దీనికి. టార్చి దీనికి తగిలిందా?"

"లేదు. నడిమధ్యలో పడింది."

"అయినా చూద్దాం ఉండు... ఎక్కడా పెచ్చు ఊడలేదు. బతికిపోయాం."

"మరి ఆ పొర?"

"అది పాల మీద మీగడలాంటిది. నీళ్లలోని సున్నమే పైన పేరుకుంటుంది. బరువెక్కితే తనే మునుగుతుంది, మళ్లీ కడుతుంది. అడుగున ఎన్ని ముక్కలున్నాయో చూడు. అన్నీ నువ్వే ముంచావా?"

"నన్ను ఊరడించడానికి అనట్లేదు కదా?"

"ఊరడించడానికి మీ అన్న ఉన్నాడు. నాకంత ఓపిక లేదు."

అప్పుడే పైనుంచి ఒక చుక్క రాలింది. మిగిలిన పొరలో ఒక ముక్క విరిగి మెల్లగా మునిగింది.

"చూశావా? ఇప్పుడు ఆ చుక్కని కూడా ఉద్యోగం మానెయ్యమంటావా?"

"వద్దులే వదినా. రేపు నేనూ, ఆ చుక్కా ఇద్దరం డ్యూటీకి వస్తాం."