జోహరాబీ బల్ల, చెంచురామయ్య ఇంగ్లీషు

టీకొట్టు ముందున్న బల్ల తీసేయమని జోహరాబీకి కామందు వీరాంజనేయులు గారు కబురంపారు. ఆయన జీపొస్తుంటే బల్ల మీదవాళ్ళు లేచి నిలబడటం మా ఊరి ఆనవాయితీ. ఈమధ్య కొందరు లేవటం మానేశారు. మనుషుల్ని లేపలేక బల్లనే లేపేయమన్నారన్నమాట. సాయంత్రం తనే వచ్చి చూస్తానన్నారు. బల్ల పోతే నా కొట్టుకి ఎవరొస్తారని జోహరాబీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

బల్ల మీద మా పక్కనే చెంచురామయ్య ఉన్నాడు. ఉన్నది రెండెకరాలు, కోసే కోతలు ఇరవై ఎకరాలవి. భుజం మీద కండువా సర్దుకున్నాడు.

"ఏడవకు చెల్లెమ్మా, నేనున్నాగా. ముందు ఓ టీ పొయ్యి. ఆ కామందుకి ఒక్క ఇంగ్లీషు మాట చాలు. అది నాకెక్కడ దొరికిందో తెలుసా? మా అమ్మాయి శ్రీరమ్యని బ్రాడీపేటలో కోచింగులో చేర్పించటానికెళ్ళి, కిటికీ కింద నీడకి కూర్చున్నా. లోపల మాస్టారు 'ఫ్యూడలిజం' అన్నాడు. అంటే భూమి దొరది, దాని మీద బతికే నువ్వూ దొర మనిషివే. దొర ఇచ్చే భూమి 'ఫీఫ్'. అది పుచ్చుకునేవాడు 'వాసల్'. వాడు దొర ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ఆయన చేతుల్లో పెట్టి 'నేను నీ మనిషిని' అనాలి. ఆ దణ్ణం పేరు 'హోమేజ్'. పిల్లలు పుస్తకాల్లో రాసుకున్నారు, నేను బుర్రలో రాసుకున్నా."

"మరి ఎవరి మీద వాడావు పెద్దాయనా?" అన్నాడు జక్రయ్య. మిరపకోతకెళ్ళొచ్చి బల్ల చివర కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాడు.

"తిరుగు బస్సులో కండక్టరు మీద. సీటుండి కూడా నన్ను నిలబెట్టాడు. 'ఏం, నువ్వు ఫ్యూడలా?' అన్నా. అంతే, తన సీటే ఇచ్చాడు."

"అయ్యుండొచ్చులే," అంది జోహరాబీ.

"అయ్యుండొచ్చేంటి! ఆ తర్వాత ఏమైందో విను. మిరపకాయల యార్డుకెళ్ళా. ఒక వ్యాపారి తను మంచమ్మీద పడుకుని రైతుల్ని ఎండలో నిలబెట్టాడు. 'మేమేమన్నా నీ సర్ఫులమా?' అని ఒక్క కేక వేశా."

"సర్ఫంటే?"

"భూమి అమ్మితే గొడ్డూగోదాతో పాటు తనూ అమ్ముడుపోయేవాడు. మధ్యలో అడ్డు రాకు. నా కేకకి యార్డు యార్డంతా తుమ్ములు ఆగిపోయినాయి. తుమ్మబోయినోడు తుమ్మబోయినట్టే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నరసరావుపేట ఆసామి ఒకాయనకి ఆ సగం తుమ్ము ఇప్పటికీ లోపలే ఉంది. మందులు వాడుతున్నాడు పాపం."

"అయ్యో," అన్నాడు జక్రయ్య.

"అదొక లెక్కా? సింగరాయకొండ అవతల పాత జమీందారు మేడ ఒకటుంది. గేటు ముందు నిలబడి 'అబాలిష్ ఫ్యూడలిజం!' అన్నా. స్తంభాల మీది సిమెంటు సింహాలు కిందకి దిగి, తోకలు ముడుచుకుని, అటూ ఇటూ చూసుకుని హైవే దాటి వెళ్ళిపోయినాయి. రెండంతస్తుల మేడ సిగ్గుతో ఒక అంతస్తు భూమిలోకి దిగిపోయింది."

"మరి కింది అంతస్తులో వాళ్ళు?"

"నిచ్చెనేసుకుని పైకొస్తున్నారు, పాలు పోయించుకోటానికి. ఆ దెబ్బకి లండన్లో లార్డుల సభ కదిలిందిరా! మనూరి ఎస్టీడీ బూత్‌కి ఫోనొచ్చింది. 'చెంచురామయ్య గారూ, మీరక్కడ ఆ మాటన్నప్పుడల్లా ఇక్కడ మా నెత్తిన విగ్గులు లేచిపోతున్నాయి. మిమ్మల్ని బ్యారన్ దొరని చేస్తాం, ఇంక ఊరుకోండి' అన్నారు. పొగాకు కాల్చుకునే బ్యారన్ గదులు మాకు చాలా ఉన్నాయి, మీదెవడిక్కావాలని పెట్టేశా. అట్టాంటి నాకు ఈ కామందెంత? రానీ, ఆ జీపు నాలుగు చక్రాలూ నాలుగు దిక్కులకి..."

హారను మోగింది. జీపు మలుపు తిరిగింది.

చెంచురామయ్య మాట చక్రాల దగ్గరే ఆగిపోయింది. భుజం మీది కండువా నడుముకి చేరింది. కాళ్ళ చెప్పులు చేతిలోకొచ్చినాయి. మేమింకా సగం లేచే లోపే ఆయన లేచి, నడుం వంచి నిలబడి ఉన్నాడు.

"ఏం చెంచురామయ్యా, బల్ల ఇంకా ఉందే?" జీపు దిగకుండానే అడిగారు కామందు.

"తీసేస్తున్నామండి, ఇదిగో, ఇప్పుడేనండి," అని చెప్పులు చంకన పెట్టుకుని బల్ల కొస పట్టుకుని ఎత్తాడు. ఒక కొస లేచింది. రెండోది లేవలేదు. దాని మీద జక్రయ్య ఉన్నాడు.

"లేవరా జక్రయ్యా! కామందు గారు చూస్తున్నారు."

"టీ తాగుతున్నా పెద్దాయనా."

జోహరాబీ కొట్టులోంచి దిగొచ్చింది. వచ్చి జక్రయ్య పక్కన కూర్చుంది.

"బల్ల నాదండి. తియ్యను," అంది. తెలుగులోనే అంది.

మాకు సిగ్గేసింది. సగం లేచినవాళ్ళం మళ్ళీ కూర్చున్నాం. ఆ బరువుకి చెంచురామయ్య చేతిలోని కొస దబ్బున నేలకి దిగింది. కామందు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశారు. డ్రైవరు వైపు తిరిగి "పోనీ" అన్నారు.

దుమ్ము అణిగాక చెంచురామయ్య గొంతు సవరించుకున్నాడు. నడుం మాత్రం ఇంకా వంగే ఉంది.

"చూశారా? పైకి అనలేదు గానీ, మనసులో ఆ మాట గట్టిగా అనుకున్నా. అందుకే పారిపోయాడు."

జక్రయ్య గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"సరే పెద్దాయనా. హోమేజ్ అయిపోయిందిగా, ఇంక చెప్పులేసుకో."