పిట్టగోడ లేని ఇల్లు

కొత్త ఇంటి మేడ మీద తండ్రీ కూతురూ నిలబడి ఉన్నారు. కింద సామాన్ల బండి వచ్చి ఆగింది.

"పిట్టగోడ ఏదమ్మా?"

"వచ్చే ఏడు కడతాను నాన్నా. ముందు ఇల్లు చేరితే చాలు."

"కొత్త ఇల్లు కట్టేవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని లేఖనాల్లో దేవుడి ఆజ్ఞ ఉంది. కట్టకపోతే, పడ్డవాడి నెత్తురు ఆ ఇంటి మీద ఉంటుంది. మా తాత కట్టిన గోడ ఎంత ఎత్తంటే, కాకులు సగం దాకా ఎగిరి అలుపు తీర్చుకునేవి."

"నీ కోతలకు మాత్రం ఏ గోడా లేదు."

"వాటికి ఆజ్ఞ లేదులే."

"మెట్ల తలుపుకు తాళం వేస్తాను. ఇంక పైకి ఎవరొస్తారు, దొంగ తప్ప?"

"వాడు పడితే?"

"పీడా పోతుంది."

"పడ్డవాడు అని రాసుందమ్మా. మంచివాడు అని లేదు."

ఆమె కప్పు అంచు దాకా వెళ్లి కిందికి తొంగి చూసింది.

"సరే, బండిని వెనక్కి పంపిస్తాను. గోడ లేచాకే వద్దాం. పిల్లలకు నువ్వే చెప్పు, పొద్దుట్నుంచి గంతులేస్తున్నారు."

"నేను చెప్పను."

"అదేంటి? నాకు నేర్పింది నువ్వేగా!"

"నాకు మా అమ్మ, నీకు నేను. వాళ్లకు నువ్వే చెప్పాలి. నాకింక ఎన్నో రోజులు లేవన్న డాక్టరు మాట నువ్వూ విన్నావుగా తల్లీ. నీ నోట ఒక్కసారి విని పోతాను."

కూతురు కళ్లు తుడుచుకుని పిల్లలను కేకేసింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

"పైకి రాకండర్రా! అక్కడే కూర్చోండి. తాతను తీసుకుని నేనే దిగొస్తున్నా."