ప్లాటినం రేణువులకు కావలి కాసిన సనావుల్లా గారు

1976 అక్టోబరు 14వ తేదీన శ్రీ షేక్ సనావుల్లా గారు ఈ అరబ్బు దేశంలో, మఫ్రఖ్‌లోని మా విద్యుత్ పరిశోధనశాలలో రసాయన శాస్త్రవేత్తగా చేరారు. నెల్లూరు నుంచి ఒక్క ట్రంకు పెట్టెతో వచ్చిన వారికి కంపెనీ ఒంటరివారి క్వార్టర్లలో గది చూపించి, కుటుంబానికి ఇల్లు మరుసటేడు ఇస్తామంది. ఆ మరుసటేడు రానే లేదు.

1981లో ఫ్యూయల్ సెల్ విభాగం వారి భుజస్కంధాలపై పడింది. హైడ్రోజన్‌తోనూ గాలితోనూ విద్యుత్తునిచ్చే ఆ సెల్లుకు ప్రాణం కర్బనంపై అంటించిన ప్లాటినం రేణువులు. అవి ముద్దకట్టి సత్తువ కోల్పోకుండా చిరకాలం మన్నేలా చేయడమే వారి కృషి. వేడి మీదున్న సెల్లు పని లేకుండా ఊరకుంటేనే రేణువులు ఎక్కువ చెడతాయని గ్రహించి, దాని కరెంటుతో వెలిగేలా ఒక బల్బుల వరుస తగిలించి, సెల్లు చల్లారేదాకా వాటిని ఆర్పరాదని నియమం పెట్టారు. ఏడాది నిరాటంకంగా నడిస్తే ఇల్లు ఖాయమని ముదీర్ గారు, అంటే మా డైరెక్టరు గారు, మాటిచ్చారు.

1984లో పరీక్ష ముగియవస్తుండగా, విజిట్ వీసాపై వచ్చిన సతీమణి కుబ్రా బేగం గారికి ఒక గురువారం సాయంత్రం ప్రయోగశాల చూపించారు. వారు ముందు నడవగా, వెనుక వస్తున్న ఆ ఇల్లాలు అలవాటు కొద్దీ ఆ బల్బుల వరుసతో సహా లైట్లన్నీ ఆర్పేశారు. శుక్రవారం సెలవు, ఎవరూ తొంగిచూడలేదు. శనివారానికి సెల్లు పాడైపోయింది.

"ఎవురూ లేని గదిలో అన్ని లైట్లెందుకని ఆర్పేసినానండీ!" అని ఆమె భోరుమంటే, "ఏడవబాక. ఇంట్లో రోజూ చేసే పనేగా" అన్నారట. ముదీర్ గారి ఎదుట మాత్రం "నేనే ఆర్పాను" అని నిలబడ్డారు.

"ఖలాస్, సనావుల్లా! మళ్లీ మొదట్నుంచి. ఇల్లు సంగతి తర్వాత" అన్నారు ముదీర్ గారు.

ఈ సంగతి నా భార్య మాణిక్యాంబకు చెప్పింది కుబ్రా బేగం గారే. "నా పేరు పెట్టే రాయమనండి" అని అనుమతించిందీ వారే.

వీసా ముగిసి ఆమె వెళ్లిపోయాక వారు రెండో పరీక్ష మొదలుపెట్టారు. పండగనాడు ఈద్ ముబారక్ చెబుదామని వెళ్తే గదికి తాళం. మనిషి సెల్లు దగ్గర ఒంటరిగా రొట్టె తింటూ కనిపించేవారు. "అబ్బబ్బ, ఏం మనిషండీ మీరు!" అని విసుక్కునేవాణ్ని. నవ్వేవారు, అంతే.

1986లో ఆ రేణువులు ఏడాదీ దాటి మన్నాయి. అందరం చప్పట్లు కొట్టాం. ఆ నెలలోనే చమురు ధర పడిందని కంపెనీ ఇళ్ల మంజూరు ఆపేసింది. వారు "సరే" అని మళ్లీ పనిలో కూర్చున్నారు. నాకైతే ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతోంది.

ఈ 1988 మార్చి 31న వారు విరమిస్తున్నారు. ఇన్నేళ్లూ వారి కాపురం సెలవుల్లోనే సాగింది. ఇకనైనా ఆరోగ్యంతో, మనశ్శాంతితో నిండు నూరేళ్లూ వర్ధిల్లాలని, "మళ్లీ ఎప్పుడు పోతారు?" అని కుబ్రా బేగం గారు అడగనక్కరలేని రోజులను భగవంతుడు వారికి మెండుగా ప్రసాదించాలని మనసారా వేడుకుంటున్నాను.

— ఆదిశేషు, సహోద్యోగి