మీ అన్న గీసిన కుర్చీ

కూసో అంటుంటె కూసోవేంది, నర్సయ్యా? వచ్చిన కాడ్నుంచి గట్ల దర్వాజ పట్టుకొని నిలబడ్డవ్. గది నీ కుర్చీయే! అంబర్‌పేటల నీ దుకాన్లకెళ్లి నేను పైసలిచ్చి కొనుక్కచ్చిన కుర్చీ. చేసినోనికే కూసునుడు భయమైతె కొన్నోళ్లు ఏం గావాలె?

వద్దా? సరే, నిలబడే ఉండు. ఛాయ్ గూడ పొయ్య.

వదినా వదినా అనకు. నా మొగడు పోయేదాక నిన్ను తమ్ముడనే పిలిచె. తార్నాకల మా షాపు ఊడ్చనీకె వచ్చినోనికి కట్టె కోసుడు నేర్పె. నేను అన్నం పెట్టిన. ఎన్నేండ్లు పెట్టిన్నో నాకు యాదిలేదు, నీకైతె అసలే లేదు.

ఆ తీరు కుర్చీ మొదలు ఎట్ల పుట్టిందో నీకు ఎరుకలేదా? మీ అన్న బొంబాయిల డిజైను చదివొచ్చిండు. యూనివర్సిటీ లైబ్రరీల పిలగాండ్లు నడుము నొస్తున్నదని గోడకు ఒరిగి చదువుతుంటె చూసి గీసిండు. ఎన్ని కాయితాలు చింపిండు! వెనక ఒంపు కుదరకపోతె నన్నే పిలిచి కూసోబెట్టేటోడు. వీపుకు తాకుతున్నదా? మంచిగున్నదా? ఇంక జర లోపలికి పోవాల్నా? పొయ్యి మీద కూర మాడేది, ఇడిసేటోడు గాదు.

ఆ ఒంపు నా వీపుది, నర్సయ్యా. నా వీపును నువ్వు అంబర్‌పేటల అగ్గువకు అమ్ముతున్నవ్.

కొలిస్తె కొలిచినవ్ గని, ఎప్పుడు కొలిచినవ్? మీ అన్న పీనుగ ఇంకా వాకిట్లనే ఉన్నది. ఆడోళ్లు గుండెలు బాదుకుంటున్నరు. నువ్వు లోపల దారం పట్టుకొని కుర్చీ కాళ్లు కొలుస్తున్నవ్! కిటికీలకెళ్లి చూసిన. ఏడుస్త ఏడుస్తనే చూసిన. గప్పుడే అనుకున్న, వీన్ని నలుగుర్ల కూలగొట్టకపోతె నా పేరు మార్చుకుంట అని.

కొద్ది దినాలకే నీ దుకాన్ల అదే కుర్చీ. బయటికి అచ్చం గట్లనే ఉండె. మరి లోపల? మీ అన్న కుర్చీల ఒక్క మేకు లేదు, కట్టెల కట్టె కూసుంటది. నువ్వేమో మేకులు దిగ్గొట్టి, వాటి తలలు కనబడకుండ లప్పం పూసి, పాలిష్ పెట్టినవ్. అది టేకు గూడ గాదు. నా ధరల మూడోవంతుకు ఇస్తుంటె జనం ఆగుతరా? అడిక్‌మెట్ల రూములు కిరాయికిచ్చేటోళ్లు, డాక్టర్లు, వకీళ్లు, అందరు నీకాడికే ఉరికిరి.

నేను ఊకున్ననా? టాకీసుల స్లైడు వేయించిన. ‘అసలు తార్నాకల, నకలు అంబర్‌పేటల’ అని. ఎవడు చూసె! స్లైడు పడ్డప్పుడు జనమంత పల్లీలకు బయటికి పోయి ఉంటరు.

ఆఖరికి నీ కుర్చీ ఒకటి కొనుక్కచ్చి మీ అన్న కుర్చీ పక్కకే పెట్టిన. బోర్డు రాయించిన: ‘రెండిట్ల కూసోండి, మీ నడుమే చెప్తది.’ నేనే ఆలోచించిన ఆ మాట. మంచిగ లేదా?

అప్పుడే యూనివర్సిటీల కొత్త గెస్ట్‌హౌజుకు రెండు వందల కుర్చీలు గావాలని సోమయాజులు సారు కమిటీని ఎంటబెట్టుకొని వచ్చె. ఆ ఆర్డరొస్తె మీ అన్న పేరు నిలబడ్తది. రాకుంటె పనోళ్లను పంపి షెట్టర్ దించుడే.

సారు మీ అన్న కుర్చీల కూసున్నడు, లేచిండు. నీదాంట్ల కూసున్నడు. ఊగిండు, ఒరిగిండు, కాళ్లు చాపిండు. కిర్రుమని చప్పుడు గూడ రాలే! “రెండూ ఒకటేనమ్మా. మరి మీరింత ధర చెబుతున్నారెందుకు?” అన్నడు మెత్తగ. నా షోరూముల, నా బోర్డు కింద కూసొని ఆర్డరు నీకిచ్చిపోయిండు.

ఇప్పుడేమైంది మరి? ఈ పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండలు మామూలియా? నీ పచ్చికట్టె ఎండింది, మేకులు వదులైనయ్. ఢిల్లీ నుంచొచ్చిన పెద్దమనిషి సూపు గిన్నెతోని సహా కింద పడ్డడట గదా! గా మాట ఇన్ననాడు నేను సేమ్యా పాయసం వండుకున్న. జీడిపప్పు గూడ ఏసిన. ఎందుకు దాచాలె?

సారు నిన్ను దొంగంటున్నడా? తార్నాకల కూసున్న కుర్చీ గట్టిగ ఉండె, మాకు వేరే సరుకు తోలినవ్ అని అన్నీ వాపసు పంపుతున్నడా? ఇప్పుడు నేను పోయి, ఆ కుర్చీ గూడ నీ చేతిదేనని సాక్ష్యం చెప్పాలె. అంతేనా నువ్వొచ్చిన పని?

నాకేదో కలిసొచ్చిందనుకోకు. సారుకు ఆ తీరు కుర్చీ అంటెనే రోతైంది. ఇనుప కుర్చీలు తెప్పిస్తున్నడట, మడతపెట్టేటియి. మీ అన్న రెండుసార్లు సచ్చిండు.

ఏందీ? రెండు వందలు ఇరిగి, గా ఒక్కటి ఎందుకు ఇరగలేదంటవా?

ఇను. తెచ్చిన వారానికే అది కుంటుడు మొదలుపెట్టింది. పొద్దుగాల షెట్టర్ లేపంగనే ఒంకరపోయి, ఒక దిక్కు ఒరిగి కనబడేది. అట్లనే ఉంచాలె గదా? జనం చూసి నవ్వాలనే గదా తెచ్చింది? ఉంచలేకపోయిన. ఆఖరి దినాల్ల మీ అన్న మంచంల గట్లనే ఒక దిక్కు ఒరిగి ఉంటుండె.

నీ మేకులన్ని పీకిన. ఇన్నేండ్లు పక్కన కూసొని చూసిన్న గదా, మీ అన్న చేసినట్టే కట్టెల కట్టె దించి, జిగురు పెట్టి, తాడు కట్టి ఆరబెట్టిన. నకలైతేంది, ఆ గీత ఆయనదే గదా. కమిటీ వస్తదని నాకేమన్న కలొచ్చిందా?

నిన్ను ముంచనీకె చేసిన్నని చెప్పుకుంటె ఎంత మంచిగుండు! గని గందుకు చెయ్యలే. దాన్ని గట్టిజేసి, ఆర్డరు నీకు పోగొట్టుకొని, నన్ను నేనే ముంచుకున్న. నువ్వు ఎంబడి మునిగినవ్.

సారు కాడికి మాత్రం రాను. ఆ మేకులు పీకింది నేనేనని ఒక్క మాట చెప్తె నువ్వు దొంగవు గాదని తేలుతది, తెల్సు. చెప్ప. ఇంకా ఏంది చూస్తున్నవ్? నడువు. దర్వాజ దగ్గరికేసి పో, దుమ్మొస్తున్నది.